పగిలిన చెక్కలో పారిన ఏరు

అనగనగా, మన తాతల తాతలు ఉయ్యాలలో ఊగుతున్న రోజుల్లో, వరదాపురమని ఒక రాజ్యం ఉండేది. అక్కడ బట్టల మీద బొమ్మలు అద్దేవాళ్ళకు ఒక వీధి ఉండేది. ఆ వీధిలో నాంచారయ్యది అందెవేసిన చేయి. టేకు చెక్క మీద ఉలితో అచ్చు చెక్కి, రంగులో ముంచి అద్దాడంటే, బట్ట మీద పువ్వు అప్పుడే పూసినట్టుండేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. అంతఃపురానికి అద్దిన బొమ్మను మరొకరికి అద్దకూడదు. పని ముగియగానే అచ్చును ఏట్లో వదిలేయాలి. మళ్ళీ పిలుపు వస్తే కొత్త బొమ్మ ఇవ్వాలి. ఇవ్వలేనివాడు తన ఉలిని రాజుగారి ముందు పెట్టి ఇంటికి పోవాలి. ఇక జన్మలో చెక్క ముట్టకూడదు.

అచ్చును ఏట్లో వదిలిన ప్రతిసారీ నాంచారయ్యకు గుండె జారిపోయేది. 'ఇదే ఆఖరుదేమో' అనుకునేవాడు. అలా తండ్రి నేర్పిన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా నీళ్ళలో కలిసిపోయాయి.

అప్పుడు రాణిగారికి, ఏళ్ళ తరబడి ఎదురుచూడగా, ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే నాటికి పాపకు ఉయ్యాల దుప్పటి కావాలని కబురు వచ్చింది. నాంచారయ్య ఉలి పట్టుకుని కూర్చున్నాడు. చేయి కదల్లేదు. బుర్రలో ఒక్క గీత కూడా మెదల్లేదు. పాపం, ఆ దిగులుతో అన్నం కూడా సహించలేదు. చివరికి చెప్పులు వేసుకుని ఊళ్ళోకి బయలుదేరాడు.

ఒక వాకిట్లో సాయమ్మవ్వ తన బొంతను ఎండలో ఆరేసింది. రంగురంగుల పాతగుడ్డ ముక్కలు, వాటి మీద వంకర కుట్లు. చూడగానే నాంచారయ్యకు ప్రాణం లేచివచ్చింది.

"అవ్వా, ఈ ఎర్ర ముక్క ఇక్కడే ఎందుకేశావు?"

"అక్కడే చిరిగింది నాయనా. మా పెద్దాడు నిద్రలో తెగ తన్నేవాడు. వాడి పాత చొక్కాతోనే అతుకేశాను" అని నవ్వింది అవ్వ.

నాంచారయ్య ఆ మాట సగమే విన్నాడు. ఇంటికి పరుగెత్తి ఆ ముక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు చెక్కి, బట్ట మీద అద్ది తీసుకెళ్ళాడు.

రాజుగారు చేత్తో తడిమి చూశారు. "బొంతలాగే ఉందయ్యా. కానీ బొంతలో ఉండే వెచ్చదనం ఏదీ?" అన్నారు.

నాంచారయ్య మళ్ళీ ఊరి మీద పడ్డాడు. సంత వీధిలో ఒక పాత గోడ ఉంది. దాని మీద గంగులు అనే కుర్రవాడు జాజుతో, సున్నంతో బొమ్మలు వేస్తున్నాడు. గోడ నిండా ఒక చెట్టు, చెట్టు కింద ఏనుగు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

"ఏమోయ్, ఈ కొమ్మ ఇంత వంకర తిరిగిందేం?"

"గోడే అలా పగిలింది బాబాయ్. పగులు ఎటు పోతే నా కొమ్మా అటే పోయింది. పెచ్చు ఊడిన చోట ఏనుగు వచ్చి కూర్చుంది."

నాంచారయ్య తలూపాడే గాని, కళ్ళు మాత్రం బొమ్మ మీదే ఉన్నాయి. చెట్టును, ఏనుగును అలాగే చెక్కి తీసుకుపోయాడు.

ఈసారి రాజుగారి ముఖంలో నవ్వు లేదు. "ఎక్కడో హాయిగా తిరిగే ఏనుగును పట్టుకొచ్చి కట్టేసినట్టుంది. పేరు పెట్టే రోజు దగ్గరపడింది, నాంచారయ్యా. ఈసారి బొమ్మ తెస్తావో, ఉలి తెస్తావో నీ ఇష్టం."

ఊళ్ళో ఉండబుద్ధి కాక నాంచారయ్య ఏటిగట్టు వెంట నడిచాడు. నీళ్ళ మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూడు వేలాడుతోంది. ఎంత అందమైన అల్లిక! 'దీన్ని తెంపుకుపోయి, పోగు పోగూ చూసి చెక్కుతాను' అని చేయి చాచాడు.

ఆ రోజుల్లో పిట్టలు మాట్లాడేవి. అంతకంటే వింత, మనుషులు వినేవాళ్ళు.

"తీసుకుపోవయ్యా" అంది గిజిగాడు. "గాలి ఎటు వీస్తుందో, కొమ్మ ఎటు వంగిందో చూసి కట్టుకున్నాను. ఇది పోతే ఇంకో కొమ్మను చూసుకుని ఇంకోటి కట్టుకుంటాను. మరి నువ్వో? దీన్ని చెక్కేశాక రేపేం చెక్కుతావు?"

నాంచారయ్య చాచిన చేయి అలాగే ఆగిపోయింది. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగమే విన్న అవ్వ మాట, గంగులు మాట అప్పుడు పూర్తిగా వినపడ్డాయి. అవ్వ చిరుగును చూసి కుట్టింది. గంగులు పగులును చూసి గీశాడు. పిట్ట కొమ్మను చూసి అల్లింది. 'నేను మాత్రం నా చేతిలోని చెక్కను ఒక్కసారైనా చూశానా?' అనుకున్నాడు.

గూటిని ముట్టకుండా ఇంటికి వచ్చాడు. పనికిరాదని ఏనాడో మూలన పారేసిన చెక్క ఒకటి ఉంది. దానికి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పగులు, పక్కనే ఒకప్పుడు కొమ్మ మొలిచిన చోట గుండ్రటి ముడి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాతే ఉలి అందుకున్నాడు. పగులుకు రెండు వైపులా గడ్డి మొలిపించాడు. ముడి చుట్టూ పుల్లలు పేర్చి గూడు చేశాడు.

అచ్చును కాస్త కాస్త జరుపుతూ బట్ట మీద అద్దాడు. పగులున్న చోట రంగు అంటలేదు. అక్కడ తెల్లగా ఒక ఏరు, దుప్పటి పొడవునా వంపులు తిరుగుతూ సాగింది. ఏటి ఒడ్డున గూళ్ళు నిద్రపోతున్నాయి.

పేరు పెట్టే రోజున ఆ దుప్పటిని ఉయ్యాలలోని పాపకు కప్పారు. రాణిగారు ఆ ఏటి వెంట వేలు జరుపుతూ పోయి, చివర పాప పాదాన్ని తాకి ఆగారు.

"ఇది ఎక్కడ చూశావు?" అన్నారు రాజుగారు మెల్లగా.

"చూడటం మూడు చోట్ల నేర్చుకున్నాను ప్రభూ. బొమ్మ మాత్రం ఈ చెక్కలోనే ఉంది."

దుప్పటి మీది ఏటిని తలచుకుని పాపకు తరంగిణి అని పేరు పెట్టారు. ఆ సాయంత్రం నాంచారయ్య ఆచారం ప్రకారం అచ్చును ఏట్లో వదిలాడు. ఈసారి గుండె జారలేదు. అచ్చు కనుమరుగయ్యేలోపే వెనుదిరిగి, దారి పక్కన పడివున్న మరో వంకర చెక్కను చేతిలోకి తీసుకుని చూడసాగాడు.

పిల్లలూ, కంటికి నచ్చినదాన్ని ఎత్తుకొచ్చేవాడికి ఒక్క బొమ్మే దొరుకుతుంది. చూడటం నేర్చుకున్నవాడికి బొమ్మలకు ఏనాడూ కరువుండదు.