నడిపి వీరయ్య తర్వాత

రెండువేల ఇరవై రెండు, వైశాఖ మాసం. పల్నాటిలో మిరప కల్లాలు ఎత్తేసి, వంశాలు చెప్పేవాళ్లు ఊళ్ల మీదికి బయల్దేరే రోజులు.

ఆ ఏడు కూడా అంకయ్య గుమ్మెటను మేనల్లుడి చేతికివ్వలేదు.

మేనల్లుడు తిరుపాలు పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గర శిష్యుడు. గురువు గుమ్మెట వాయిస్తూ వంశం చెబుతుంటే వెనక నిలబడి తాళం వేయడం, ఇంట్లో కూర్చుని వల్లె వేయడం అతని పని. వాళ్లను పిలిచే ఊళ్లు పన్నెండు, ఇళ్లు నలభై మూడు. ఏ ఇంటిది అడిగినా ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. గురువుకు అక్షరం ముక్క రాదు. తిరుపాలు ఇంటర్ దాకా చదివాడు. వంశాలన్నీ పెద్ద నోటుపుస్తకంలో కొమ్మలు రెమ్మలుగా గీసి పెట్టుకున్నాడు.

"నాకింకేం రావాలి మామా?" అన్నాడు ఆ రోజు, ఉండబట్టలేక.

"తాళ్లవేముల వారిది చెప్పు."

ఎప్పుడూ అదే అడుగుతాడు. తిరుపాలు గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"తాళ్లవేముల రామానుజయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్ద కోటయ్య, చిన్న వీరయ్య..."

"నడిపి వీరయ్య."

"ఉన్నది ఇద్దరే కదా మామా. ఇద్దరిలో రెండోవాడు నడిపివాడు ఎట్టా అవుతాడు? పాతవాళ్లు నోరు జారి అనుంటారు. నేను సరిచేశాను."

"నడిపి వీరయ్య. ఆ పైన గుమ్మెట మీద ఒక్క దెబ్బ. దెబ్బ తర్వాత ఊపిరి పీల్చుకునేంత సేపు ఊరుకోవాలి."

"అదీ వేస్తున్నాగా!"

"వేస్తున్నావా? అక్కడ ముగ్గులు పెడుతున్నావు."

నిజమే. ఇంట్లో గుమ్మెట చేతికి చిక్కినప్పుడల్లా తిరుపాలు ఆ చోట ఏడెనిమిది దెబ్బలు గుప్పించి చిన్న మెరుపు మెరిపిస్తాడు. చుట్టుపక్కల వాళ్లు విని శభాషన్నారు కూడా.

"అక్కడ నింపొద్దురా. వదులు," అని అంకయ్య గుమ్మెటను మళ్లీ మేకుకు తగిలించాడు.

నాలుగు రోజుల తర్వాత వాళ్ల గుడిసె ముందు పోలీసు జీపు ఆగింది. సాజిదా అనే ఎస్సై దిగింది.

"వంశాలు చెప్పే అంకయ్య ఇల్లిదేనా?"

"ఇదేనమ్మా. మావాడు హెల్మెట్ లేకుండా తిరిగితే ఇంత దూరం వచ్చారా?" అన్నాడు అంకయ్య.

ఆమె నవ్వి నులకమంచం మీద కూర్చుంది. వచ్చిన పని చెప్పేటప్పుడు మాత్రం ముఖంలో నవ్వు లేదు.

తొంభై తొమ్మిదిలో, పని ఆపేసిన ఒక నాపరాళ్ల క్వారీలో ఒక కుర్రవాడి ఎముకలు దొరికాయి. కుర్రవాడికి ఇరవై ఏళ్లుంటాయి. పుర్రె వెనక పగిలి ఉంది. మావాడని ఒక్కరూ రాలేదు. అప్పటినుంచీ ఆ ఎముకలు నంబరు రాసిన పెట్టెలో ఉన్నాయి. కిందటేడు ల్యాబు వాళ్లు పన్నులోంచి డీఎన్ఏ తీశారు. అంతకు ముందెప్పుడో హైవే మీద బస్సు తగలబడినప్పుడు, ఏ శవం ఎవరిదో తేల్చడానికి చనిపోయినవాళ్ల ఇంటివాళ్ల నెత్తురు తీసుకున్నారు. దానితో దీన్ని పోల్చి చూస్తే ఒకచోట కలిసింది.

"తాళ్లవేముల వీరయ్య గారి మనవడు వాసు నెత్తురుతో," అంది సాజిదా. "తండ్రుల వైపు నుంచి ఇద్దరిదీ ఒకటే వంశం. అన్నదమ్ములంత దగ్గర కాదు. ఇద్దరికీ ముత్తాత ఒక్కడే అయి ఉండాలంటున్నారు. ఆ ఇంటికెళ్లి అడిగితే, మాలో తప్పిపోయినవాళ్లు లేరన్నారు. రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు అన్నీ తిరగేశాను. అంత వెనక్కి పోయే కాగితం లేదు. అప్పుడెవరో మీ పేరు చెప్పారు పెద్దాయనా."

అంకయ్య నోరు తెరిచేలోగా తిరుపాలు నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"చూడండి మేడం. వాసు ముత్తాత రామానుజయ్య. ఆయనకు ఇద్దరు కొడుకులు. వాళ్ల పిల్లలు, మనవలు అంతా కలిసి పద్దెనిమిది మంది మగవాళ్లు. ఎవరు ఉన్నారో, ఎవరు ఎప్పుడు పోయారో ఇందులో ఉంది. ఇందులో లేనివాడు ఆ వంశంలో లేడు. మీ మిషను తప్పు."

"ఇంకో ల్యాబులో కూడా చేయించాం. అదే చెప్పింది."

"అయితే రెండు మిషన్లూ తప్పే."

సాజిదా నిట్టూర్చింది. అంకయ్య ఆమెకు మంచినీళ్ల చెంబు అందించాడు.

"మీరెంతమంది తోబుట్టువులమ్మా?"

"ముగ్గురన్నలు, నేను."

"నడిపన్న పేరేంటి?"

"జిలానీ."

"నడిపన్న అని ఎందుకంటారు?"

"పైన ఒకడు, కింద ఒకడు ఉన్నారు కాబట్టి..."

చెంబు ఆమె చేతిలో ఆగిపోయింది. ఆమె నోటుపుస్తకం మీదికి వంగింది. వీరయ్య పేరుకు ముందు ఏదో మాట రాసి కొట్టేసి ఉంది. దాని పైన నీలం సిరాతో 'చిన్న' అని ఉంది. కొట్టేసిన గీత కింద 'నడిపి' అన్న అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.

తిరుపాలు తల వంచుకున్నాడు. ఆ గీత అతను గీసిందే.

"మూడోవాడి పేరేంటి?" అని అడిగింది సాజిదా.

"చెప్పకూడదమ్మా. రామానుజయ్య మా నాన్న చేత ఒట్టు వేయించుకున్నాడు. మా నాన్న నా చేత వేయించాడు. పేరు తీసెయ్యమన్నారు, తీసేశాం. పుట్టలేదని చెప్పమని ఎవరూ అనలేదు. అందుకని ఆ దెబ్బ ఉంచుకున్నాం."

"ఆ పిల్లాడు ఇరవై మూడేళ్లుగా పెట్టెలో ఉన్నాడు పెద్దాయనా. అమ్మ ఉంటే ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది."

అంకయ్య మేకుకున్న గుమ్మెట వైపు చూశాడు.

"చెబుతాం," అన్నాడు చివరికి. "ఇక్కడ కాదు. ఆ ఇంటి అరుగు మీద, ఆ ఇంటివాళ్ల ముందు. చాటున చెబితే చాడీ అవుతుంది. బుధవారం వాళ్లకు వంశం చెప్పే రోజు. రండి."

జీపు కదలగానే తిరుపాలు గురువు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తాళ్లవేముల రాఘవయ్యగారి మాట పన్నెండు ఊళ్లలోనూ చెల్లుతుంది మామా. ఆయన తలుపేస్తే నలభై మూడు ఇళ్లూ వేస్తాయి. నాకింకో పని రాదు."

"నాకూ రాదు."

"మిషనెట్టాగూ కనిపెట్టిందిగా! మిగిలింది కూడా దాన్నే కనుక్కోమనండి."

"మిషను చూశావా, ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంది," అన్నాడు అంకయ్య. "నీలాగా నింపలేదు."

బుధవారం పొద్దున్నే ఇద్దరూ పొలాల గట్టు మీద నడిచి వెళుతున్నారు. ఊరు కనబడేచోట అంకయ్య ఆగాడు. భుజానికున్న గుమ్మెట తీసి తిరుపాలు భుజానికి వేశాడు. పద్నాలుగేళ్లుగా అతను ఎదురుచూసిన బరువు అది. తర్వాత గురువు అతని తల దగ్గరికి లాక్కుని చెవిలో ఒక పేరు చెప్పాడు. ఆ పేరుగలవాడు ఏం చేశాడో, ఎటు పోయాడో రెండు మాటల్లో చెప్పాడు.

"ఈ రోజు నువ్వే చెప్పు."

"నేనా?"

"నువ్వే. అక్కడికొచ్చాక నింపుతావో, వదులుతావో నీ ఇష్టం."

ఆ ఇంటి పెద్ద రాఘవయ్య, కోటయ్య కొడుకు. డెబ్బై ఏళ్ల మనిషి. అరుగు మీద చాప వేయించి, మజ్జిగ ఇప్పించి, తిరుపాలు భుజాన గుమ్మెట చూసి పెద్దగా నవ్వాడు.

"ఏం అంకయ్యా, అల్లుడికి పట్టం కట్టేశావే! ఒరే తిరుపాలూ, నీకని కొత్త పంచె తెప్పించానురా, తెలిసే తెప్పించినట్టుంది. ఎస్సైగారు కూడా వింటారా? వినండమ్మా, మా వాళ్ల పేర్లు వినడానికి బాగుంటాయి."

పంచె పళ్లెంలో ఉంది. తాంబూలం దాని పక్కనే ఉంది. ఇంట్లోవాళ్లు పదిహేను మంది దాకా వచ్చి కూర్చున్నారు. అంకయ్య తాళాలు పట్టుకుని వెనక నిలబడ్డాడు, ఇన్నేళ్లూ శిష్యుడు నిలబడిన చోట.

తిరుపాలు మొదలుపెట్టాడు. పై తరాలు అలవాటు మీద దొర్లిపోయాయి. ఒక్కో పేరుకూ రాఘవయ్య తల ఊపుతున్నాడు.

"రామానుజయ్య కొడుకులు. పెద్ద కోటయ్య... నడిపి వీరయ్య..."

చెయ్యి గుమ్మెట మీదికి లేచింది. వేళ్లకు ఆ మెరుపు బాగా తెలుసు. అది మెరిపిస్తే చాలు, పంచె భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. అతను వెనక్కి తిరిగి చూశాడు. గురువు నేల చూస్తున్నాడు.

తిరుపాలు ఒక్క దెబ్బ వేశాడు.

ఊపిరి పీల్చుకునేంత సేపు ఊరుకున్నాడు. రాఘవయ్య తల ఊపడం ఆగిపోయింది.

"చిన్న చెంచయ్య," అన్నాడు తిరుపాలు. "ఉప్పు కొటార్లలో పనిచేసే పిల్లను పెళ్లాడి, పేరు పోగొట్టుకుని, సముద్రం ఒడ్డుకు పోయినవాడు. చెంచయ్య సంతానం మా గుమ్మెటకు తెలియదు."

"ఆపరా!" అని ఎవరో లేచారు. రాఘవయ్య చెయ్యెత్తి వాళ్లను కూర్చోబెట్టాడు. ఆయన చూపు సాజిదా మీద ఉంది.

"ఆ అబ్బాయి జేబులో పెన్నుందా అమ్మా? ఆకుపచ్చది."

సాజిదా ఆయన ముఖంలోకి చూసింది. పెన్ను సంగతి ఆమె ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

"ఉంది," అంది.

"కాలేజీలో చేరడానికి కాగితం తెచ్చుకున్నాడు. వాళ్ల తాత ఏనాడూ ఇంటిపేరు రాయనివ్వలేదట. కాగితం మీద ఆ ఒక్క చోటూ ఖాళీగా ఉంచాడు. నేను క్వారీ గట్టు మీద ఉన్నానని తెలుసుకుని అక్కడికే వచ్చాడు. పొలం అడగలేదు, పుట్ర అడగలేదు. 'మన ఇంటిపేరు రాసుకోమంటారా పెదనాన్నా' అన్నాడు." రాఘవయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పెదనాన్నా అన్నాడు. ఆ మాటకే తోశాను."

ఆయన అరుగు మీంచి లేచాడు.

"చెప్పులేసుకుని వస్తాను, ఉండు తల్లీ," అన్నాడాయన.

జీపు వెళ్లిపోయాక అంకయ్య, తిరుపాలు వచ్చిన గట్టు మీదే తిరుగుముఖం పట్టారు. పంచె పళ్లెంలోనే ఉండిపోయింది. చాలా దూరం వచ్చాక తిరుపాలు అడిగాడు.

"సరిగ్గా వదిలానా మామా?"

"వదిలావు. ఇకమీదట అక్కడ దెబ్బ వేయకు. ఇప్పుడక్కడ పేరుంది."

జ్యేష్ఠ మాసంలో, ఉప్పు కొటార్ల దగ్గర చెంచయ్య కోడలు దొరికింది. ఆమె నెత్తురూ పెట్టెలోని ఎముకలూ కలిశాయి. కుర్రవాడి పేరు రత్నబాబు. పెట్టెను ఆ తల్లికి అప్పగించారు.

ఆ వైశాఖం తర్వాత పన్నెండు ఊళ్లలో ఏ ఇల్లూ వాళ్లను వంశం చెప్పమని పిలవలేదు. మరుసటేడు చలికాలంలో అంకయ్య పోయాడు. తిరుపాలు నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. గుమ్మెట అతని ఇంట్లో మేకుకు వేలాడుతోంది.