తుమ్మి అల్లిన వీపుగుడ్డ

అనగనగా ఒక అడవి. ఆ అడవి నిండా ఇప్పచెట్లే. పూలు రాలే కాలంలో అక్కడ నేల కనిపించేది కాదు. ఆ తియ్యటి వాసన కాళ్ళకు అంటుకుని ఇంటిదాకా వచ్చేది. అలాంటి చోట ఎలుగుబంట్లు కాపురం పెట్టకుండా ఉంటాయా? ఒక బండరాళ్ళ గుహలో జీలుగమ్మ అనే ఎలుగుబంటి, మొగుడు ఏగిసయ్యతో, ఇద్దరు పిల్లలతో ఉండేది. పెద్దవాడి పేరు మద్ది. చిన్నదాని పేరు తుమ్మి.

జీలుగమ్మ చేతిపని గురించి ఆ అడవిలో చెప్పుకోనివాళ్ళు లేరు. ఎలుగుబంటి గోరు మీరు చూశారో లేదో, పొడుగ్గా ఉండి కొసన వంకీ తిరిగి ఉంటుంది. మన ఇళ్ళలో క్రోషియా అల్లేవాళ్ళు సూది ఎక్కడ పెట్టామా అని ఇల్లంతా వెతుక్కుంటారు చూడండి, జీలుగమ్మకు ఆ బాధ లేదు. సూది వేలికే ఉంది. గోగునార తీసి, దారం పేని, ఆ గోటితో ఒక్కో కన్నూ లాగి అల్లుకుంటూ పోయేది. ఒక్క వరస పక్కకు జరిగేది కాదు.

రొట్టె కాల్చినా అంతే. ఎండబెట్టిన ఇప్పపూలు, కొర్రపిండి కలిపి దంచేది. తేనె పోసి ముద్ద చేసేది. మోదుగాకుల మధ్య పెట్టి మట్టి దాకలో కాల్చేది. దాక కింద నిప్పులు, మూత మీద నిప్పులు. మూత తీస్తే రొట్టె గుండ్రంగా, అన్ని వైపులా ఒకే రంగులో ఉండేది.

ఇప్పపూల కాలంలో పున్నమి వచ్చిందంటే ఆ అడవిలో అందరికీ పండగే. ఎవరింట్లో చేసింది వాళ్ళు మూట కట్టుకుని, వాగు దాటి, అవతలి ఇసుకమేట మీద వనభోజనం చేసేవాళ్ళు. ఎలుగుబంటి తల్లులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని కదా వాగు దాటేది, ఆ రోజు వీపు మీద ఒక అల్లిక గుడ్డ కప్పుకునేవాళ్ళు. దాన్నే వీపుగుడ్డ అనేవాళ్ళు. ఎవరి వీపుగుడ్డ ఎలా ఉందో చూసి చెప్పుకోవడం ఆ రోజుకు పెద్ద ముచ్చట.

ఆ ఏడు మొదటి పున్నమి దగ్గర పడుతుండగా తుమ్మి వచ్చి తల్లి ఒళ్ళోకి దూరింది.

"అమ్మా, ఈసారి వీపుగుడ్డ నేనల్లుతా," అంది.

"నీకు వచ్చా?" అంది జీలుగమ్మ.

"నువ్వు అల్లుతుంటే రోజూ చూస్తున్నాగా," అంది తుమ్మి.

జీలుగమ్మ మురిసిపోయి దారపుండ చేతికిచ్చింది. ఇక చూడాలి ఆ పిల్ల హడావిడి. అన్నం తింటూ అల్లింది, చెట్టెక్కి అల్లింది, అన్న వీపు మీద కూర్చుని వాడు నడుస్తుంటే కూడా అల్లింది. మధ్యలో ఒక పసుపుపచ్చ సీతాకోకచిలుక వస్తే దాన్ని చూస్తూ అల్లికలో కొన్ని కన్నులు వదిలేసింది. అక్కడ గుప్పెడంత చిల్లు పడింది. మిగతా చోట్ల ఒక వరస బిగుతు, ఒక వరస వదులు. గుడ్డ ఒక పక్కకు ఒరిగిపోయింది. తుమ్మి మాత్రం దాన్ని నెత్తిన కప్పుకుని గుహంతా ఊరేగింది.

జీలుగమ్మ చెయ్యి ఊరుకుంటుందా? మధ్యాహ్నం పిల్లలు కునుకు తీస్తుంటే గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఒక్క వరస సరిచేద్దామనే అనుకుంది, పాపం. కానీ క్రోషియా సంగతి మీకు తెలుసుగా, కొస పట్టుకుని లాగితే జరజరా మొత్తం వచ్చేస్తుంది. మొత్తం వచ్చేసింది. జీలుగమ్మ కూర్చుని మొదటి నుంచీ తనే అల్లేసింది.

ఏగిసయ్య చూశాడు. "దాన్ని అడిగావా?" అన్నాడు.

"పసిపిల్ల, దానికేం తెలుస్తుందయ్యా. నలుగురిలో నవ్వులపాలు కాకూడదనేగా నా తాపత్రయం," అంది జీలుగమ్మ.

ఏగిసయ్య చెవి గోక్కుని బయటికి వెళ్ళిపోయాడు. లేచాక తుమ్మి గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మడిచి పక్కన పెట్టేసింది.

పున్నమి రోజు పొద్దున్నే తుమ్మి పిండిముద్దతో ఒక కప్పను చేసింది. నాలుగు కాళ్ళు పెట్టింది, కళ్ళకు రెండు రేగుగింజలు పెట్టింది. ఆకులు తేవడానికి వెళ్ళొచ్చేసరికి ముద్ద దాకలోకి వెళ్ళిపోయింది, మూత మీదికి నిప్పులు వచ్చేశాయి. మూత తీస్తే లోపల గుండ్రటి రొట్టె ఉంది.

"నా కప్ప ఏదమ్మా?" అంది తుమ్మి.

"వేడికి ఉబ్బి గుండ్రంగా అయిపోయిందే తల్లీ," అంది జీలుగమ్మ. చెప్పేటప్పుడు పిల్ల మొహంలోకి చూడలేదు.

బయల్దేరేటప్పుడు తుమ్మి మూట కట్టింది. ముడి వంకరగా ఉందని జీలుగమ్మ విప్పి మళ్ళీ కట్టింది. తుమ్మి పక్కకు తప్పుకుని నిలబడింది.

వాగులోకి దిగాక పిల్ల జీలుగమ్మ వీపు మీంచి జారడం మొదలుపెట్టింది.

"గట్టిగా పట్టుకోవే," అంది జీలుగమ్మ.

"పట్టు దొరకట్లేదమ్మా. గుడ్డ నున్నగా ఉంది," అంది తుమ్మి.

వెనక నుంచి ఏగిసయ్య పిల్ల నడుము పట్టుకుని దాటించాడు.

ఇసుకమేట మీద అందరి కళ్ళూ ఆ వీపుగుడ్డ మీదే. సింగారమ్మ అనే నెమలి ముందుకొచ్చింది. ఆ అడవిలో బాగుందనాలన్నా, బాలేదనాలన్నా ఆవిడ అనాల్సిందే.

"ఏం వరసలు వదినా. ఎవరల్లారు?" అంది సింగారమ్మ.

"మా తుమ్మే," అంది జీలుగమ్మ, ఛాతీ పొంగిపోతుండగా.

అందరూ తుమ్మి వైపు తిరిగి మెచ్చుకున్నారు. తుమ్మి తల వంచుకుంది. కాసేపటికి తల్లి వెనక్కి వెళ్ళి గుడ్డ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది.

"అమ్మా, ఇందులో నేనల్లింది ఎక్కడుంది?" అని అడిగింది. "నాది ఒక చిల్లు ఉండాలి. సీతాకోకచిలుకను చూస్తూ వదిలేశాను. అది కనిపించట్లేదు."

జీలుగమ్మ రొట్టె ముక్క తుంచి పిల్ల చేతిలో పెట్టింది. "ముందు తిను తల్లీ," అంది. 

ఆ తర్వాత తుమ్మి అలగలేదు. ఏడవలేదు. అలిగినా ఏడ్చినా జీలుగమ్మ ఏదో ఒకటి చేసి బుజ్జగించేది. ఆ పిల్ల మామూలుగా తింది, మామూలుగా పడుకుంది. అయితే చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"పిండి దంచుదాం రావే," అని పిలిచింది జీలుగమ్మ.

"నువ్వే దంచమ్మా. నువ్వైతే బాగా దంచుతావు," అంది తుమ్మి.

"దారం పేనుదాం రావే," అని పిలిచింది.

"నువ్వే పేనమ్మా. నాది ముడులు పడుతుంది," అంది తుమ్మి.

రెండో పున్నమి దగ్గర పడింది. "వాగుకు వెళ్దాం, ఈసారి మూట నువ్వే కడుదువు గాని," అంది జీలుగమ్మ.

"మీరు వెళ్ళి రండమ్మా. నేను ఇంట్లో ఉంటా," అంది తుమ్మి.

 పోయిన పున్నమి దాకా గుహ నిండా ఆ పిల్ల మాటలే ఉండేవి. ఇప్పుడు దాకలో నిప్పులు చిటపటమన్నా వినిపిస్తోంది. చక్కటి రొట్టె కాల్చి నోట్లో పెట్టుకుంటే జీలుగమ్మకు రుచే తెలియలేదు.

మద్దిని పక్కకు పిలిచి, "చెల్లికి ఏమైందిరా?" అని అడిగింది.

"ఏమీ కాలేదమ్మా," అన్నాడు మద్ది. "తను ఏం చేసినా నువ్వు మళ్ళీ చేస్తావు కదా, అలాంటప్పుడు తను చెయ్యడం ఎందుకు అంటోంది."

 జీలుగమ్మ వెళ్ళి దారపుండ తెచ్చుకుంది. పిల్ల గుడ్డను తనే విప్పేసింది కనుక తనే మళ్ళీ అచ్చం అలాగే అల్లి ఇచ్చేద్దామనుకుంది. అదేమంత పని అనుకుంది. అడవిలో తనకంటే అల్లేవాళ్ళు ఎవరున్నారు?

అల్లింది. వరస తిన్నగా వచ్చింది. విప్పింది. కళ్ళు మూసుకుని అల్లింది. అప్పుడూ తిన్నగానే వచ్చింది. విప్పి, ఎడమ చేత్తో అల్లింది. అది కాస్త వంకర తిరిగింది కానీ, కావాలని తిప్పిన వంకరని చూడగానే తెలిసిపోతోంది. చిల్లు పెట్టబోతే చిల్లు కూడా చక్కగా గుండ్రంగా వచ్చి కూర్చుంది. అన్నీ వచ్చిన ఆ చేతులకు ఆ ఒక్కటీ రాలేదు. దారం ఒళ్ళో వేసుకుని జీలుగమ్మ ఏడ్చేసింది.

అమ్మ ఏడుపు విని తుమ్మి పరిగెత్తుకొచ్చింది. "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

జీలుగమ్మ దాచలేదు. "నువ్వల్లిన గుడ్డ విప్పేసింది నేనే తల్లీ. నీ కప్పను గుండ్రంగా నొక్కింది కూడా నేనే. ఉబ్బిందని అబద్ధం చెప్పాను. తప్పు చేశాను. మళ్ళీ నువ్వల్లినట్టే అల్లుదామని పొద్దుట్నుంచీ చూస్తున్నా. నా వల్ల కావట్లేదు."

తుమ్మి దగ్గరికొచ్చి ఆ అల్లికను పరీక్షగా చూసింది. గుండ్రటి చిల్లులో వేలు పెట్టి చూసింది.

"ఎలా వస్తుందమ్మా?" అంది. "నువ్వు సీతాకోకచిలుకను చూడట్లేదుగా."

ఏడుస్తున్న జీలుగమ్మకు నవ్వొచ్చింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "అయితే నువ్వే అల్లిపెట్టు. నాకు వేరే వీపుగుడ్డ వద్దు," అంది.

తుమ్మి ఆలోచించింది. "మళ్ళీ విప్పేస్తావా?" అంది.

"విప్పను."

"నేను నిద్రపోతుంటేనో?"

"అప్పుడు నా చేతుల మీద నేనే కూర్చుంటా," అంది జీలుగమ్మ.

నిజంగానే కూర్చుంది కూడా. తుమ్మి అల్లుతున్నంతసేపూ రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చునేది. వరస పక్కకు పోతుంటే ఆమె గోళ్ళు దురదపెట్టేవి. ఇంకాస్త బరువు వేసి కూర్చునేది. అది చూసి ఏగిసయ్య, మద్ది పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. జీలుగమ్మ జన్మలో చేసిన పనులన్నిటిలోకీ ఇదే కష్టమైనదని నాకనిపిస్తుంది. అల్లిక మధ్యలో తుమ్మికి ఒక ఉడుత కనిపించింది. చిల్లు పడింది. ఈసారిది మొదటిదానికంటే పెద్దది.

పున్నమి రోజు తుమ్మి కప్పను చేసింది. జీలుగమ్మ నిప్పులు మాత్రమే సర్దింది. మూత తీస్తే ఒక కాలు మాడిపోయి ఉంది, ఒక కన్ను రాలిపోయింది. అయినా అది కప్పే. ఎవరిని అడిగినా కప్పే అంటారు.

వాగు ఒడ్డున అందరూ చేరారు. ముందురోజు కొండల్లో గాలివాన పడింది. వాగు కాస్త ఉరవడిగా ఉంది. సింగారమ్మ జీలుగమ్మ వీపు వైపు చూసి మెడ సాగదీసింది.

"ఇదేంటి వదినా, ఎలుకలు కొట్టాయా? పోయినసారి మీ పిల్ల ఎంత బాగా అల్లింది," అంది.

తుమ్మి మెల్లిగా తల్లి కాలి వెనక్కి జరిగింది.  జీలుగమ్మ చేతిపనికి ఉన్న పేరు ఎన్నేళ్ళుగానో సంపాదించుకున్నది. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. 

"పోయినసారిది నేనల్లింది వదినా," అంది అందరికీ వినిపించేలా. "పిల్ల పేరు చెప్పి మీ అందరికీ అబద్ధం చెప్పాను. మా తుమ్మి అల్లింది ఇది."

సింగారమ్మ రెక్క సర్దుకుంది. తుమ్మి మాత్రం తల్లి కాలి వెనక నుంచి బయటికొచ్చి, ఒక్క దూకులో వీపెక్కి కూర్చుంది.

నడివాగులో జీలుగమ్మ కాలు పాచిరాయి మీద జర్రున జారింది. నీళ్ళు మెడదాకా వచ్చాయి. ఏగిసయ్య ఈసారి మద్దిని ఎత్తుకుని చాలా వెనక ఉన్నాడు.  "తుమ్మీ," అని కేక పెట్టింది జీలుగమ్మ.

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది చెవి పక్కనే చిన్న గొంతు. "నా చెయ్యి చిల్లులో ఉంది."

అప్పుడు తెలిసింది జీలుగమ్మకు. గుడ్డలోని ఆ పెద్ద చిల్లులోంచి చెయ్యి దూర్చి, పిల్ల తన వీపు మీది బొచ్చును పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. ఆ నొప్పి జీలుగమ్మకు ఎంతో హాయిగా ఉంది. ఆమె నిలదొక్కుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఒడ్డెక్కింది.

ఇసుకమేట మీద తుమ్మి మూట విప్పి అందరికీ కప్ప రొట్టె పంచింది. "నీకు ఏది కావాలమ్మా?" అని అడిగింది.

"మాడిన కాలు నాకు పెట్టు," అంది జీలుగమ్మ.

తుమ్మి పెట్టింది. చేదుగా ఉంది. జీలుగమ్మ చివరి ముక్క దాకా తిని, వేళ్ళు నాకేసుకుంది. ఆ వీపుగుడ్డ మాత్రం చిరిగి పీలికలయ్యేదాకా ఆమె వీపు మీదే ఉందట.

నీతి: పసిచేతుల పనిలో వంకర ఉంటే ఉండనివ్వాలి, మనం దిద్దితే పని చక్కబడుతుంది గానీ, చాచిన ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిపోతుంది.