ఎడమ సీటు ఇసుకమూట

ఏసోబు కారు ఎడమకు లాగుతోంది. స్టీరింగు కాస్త వదిలితే చాలు, బండి రోడ్డు అంచుకు జరిగిపోతుంది.

చీరాలలో చక్రాల ఎలైన్‌మెంటు అంటే ఏసోబు పేరే చెబుతారు. అటువంటివాడు సొంత బండిని ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్కలేదు. ప్రతిసారీ కొలతలు సరిగ్గా వచ్చేవి. ప్రతిసారీ రోడ్డెక్కగానే బండి ఎడమ దారే పట్టేది.

ఆ బండి ఎత్తు తగ్గించింది అతడే. భార్య రాహేలుకు మోకాళ్లు అరిగి, కాలెత్తి సీటులోకి ఎక్కడం కష్టమైనప్పుడు పొట్టి స్ప్రింగులు వేసి కిందికి దించాడు. అలా దించిన బండికి చక్రాల పైభాగాలు లోపలికి ఒరుగుతాయి, అవి ముందుకు చూసే దిశ కూడా కాస్త మారుతుంది. వాటినీ సరిచేశాడు. ఆనాడు ఇద్దరూ ఎక్కితే బండి గీత గీసినట్టు నడిచింది.

రాహేలు పోయి ఒక వానాకాలం గడిచింది. ఈ లాగుడు ఆ తరువాత వచ్చిందే.

తన చేతిమీద తనకే నమ్మకం పోయినవాడు పరాయి బండ్లను ఏ ముఖంతో ముట్టుకుంటాడు? ఏసోబు షెడ్డు మూసేశాడు. చివరికి, తనకు పని నేర్పిన బాజీ సాహెబు దగ్గరికి బాపట్ల బయలుదేరాడు. ఆయన వల్ల కూడా కాకపోతే షెడ్డు తలుపు మళ్లీ తెరవకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాడు.

సాహెబు పని మానేసి చాలాకాలమైంది. పాత షెడ్డులో నులకమంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏసోబు చేతికి టీ గ్లాసు ఇచ్చి, సంగతంతా విన్నాడు.

"ఊరివాళ్ల బండ్లన్నీ తిన్నగా నడిపించి, నీ బండి వంకరగా తోలుకొచ్చావా బేటా?"

"నా చెయ్యి చెడిపోయింది ఉస్తాద్."

"చెయ్యి చెడితే టీ గ్లాసు ఒలుకుతుంది. ఇందాక ఒలకలేదుగా. పద, ఒక చుట్టు తిరిగొద్దాం."

ముసలాయన ఎడమ సీటులో కూర్చున్నాడు. సముద్రం వైపు రోడ్డు మీద ఏసోబు స్టీరింగు వదిలి చూశాడు. బండి తిన్నగా పోయింది. మళ్లీ వదిలాడు. తిన్నగానే పోయింది.

"ఏదిరా లాగుడు?"

"మిమ్మల్ని చూసి సిగ్గుపడుతోంది ఉస్తాద్."

సాహెబు నవ్వలేదు. సరుగుడు తోట దగ్గర బండి ఆపమని దిగిపోయాడు. "నేనిక్కడ నిలబడతాను. నువ్వొక్కడివే పోయి రా."

ఏసోబు పోయి వచ్చాడు. బండి ఎడమకు లాగింది. చెప్పవలసిన అవసరం లేకుండానే సాహెబుకు అది అతని ముఖంలో కనిపించింది.

"షెడ్డుకు పోదాం. నా కళ్లముందు సరిచెయ్యి."

ఏసోబు బండిని చదునైన గచ్చు మీద నిలిపాడు. రెండు పక్కలా, చక్రాలను ఆనీ ఆననట్టుగా, నూలుదారాలు లాగి కట్టాడు. తరువాత డిక్కీ తెరిచి రెండు ఇసుకమూటలు తీశాడు. ఒట్టి బండిని కొలవకూడదు, ఎక్కేవాళ్ల బరువు వాళ్ల సీట్లలో పెట్టి కొలవాలి: అది సాహెబు నేర్పిన పద్ధతే.

కుడి సీటులో తన బరువుకు సరిపడే మూట పెట్టాడు. రెండోది నీలిపూల గుడ్డతో కుట్టిన మూట. కుట్టింది రాహేలే. ఇసుక పోసి తూచిననాడు పక్కనే నిలబడి, "ఇంత ఇసుకా! నన్ను తూస్తున్నావా, తిడుతున్నావా?" అని పడీపడీ నవ్వింది.

ఆ మూటను ఎడమ సీటులో దించి, ఒరగకుండా సర్ది, ఏసోబు వచ్చి చక్రం దగ్గర కూర్చున్నాడు. దారం టైరును తాకీ తాకకుండా ఉంది. కొలత సరిగ్గానే ఉంది.

బాజీ సాహెబు మంచం మీంచి లేచాడు. ఎడమ తలుపు తెరిచాడు. ఆ వయసుకు ఆ మూట మోయరాని బరువు. రెండు చేతులతో పొదివి పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ తెచ్చి, నేలమీద కాక తన మంచం మీద పడుకోబెట్టాడు. వెళ్లి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి బండిని ఒకసారి కిందికి ఊపి వదిలాడు.

బండి ఎడమ పక్క కాస్త పైకి లేచి నిలిచింది. దారానికీ టైరుకూ మధ్య సన్నని సందు ఏర్పడింది.

ఏసోబు ఆ సందునే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు పానా అందుకోలేదు. సాహెబు తొందరపెట్టలేదు. మంచం మీద, మూట పక్కన మిగిలిన చోటులో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు కొలువు" అన్నాడు, ఎంతోసేపటి తరువాత.

పని ముగిసేసరికి పొద్దు వాలింది. ఏసోబు చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మూట డిక్కీలో పెట్టుకోనా ఉస్తాద్?"

"ఇక్కడుండనీ. వచ్చినప్పుడల్లా చూసిపోదువుగాని. రేపు షెడ్డు తెరువు."

చీరాల దారిలో ఏసోబు స్టీరింగు వదిలి చూశాడు. బండి తిన్నగా పోయింది. ఇన్నాళ్లూ ఆ లాగుడుకు ఎదురుపట్టిన చేతులకు ఇప్పుడు చేయవలసిన పనేమీ లేదు. కొంతదూరం పోయాక ఎడమ చేతిని మెల్లగా పక్కసీటు మీద ఆనించాడు.

బండి తిన్నగా పోతూనే ఉంది.