కదలని కెమెరా, కదిలిన రాయి

తిరగలిపేటలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. గానుగ వీధి చివరింటి ముగ్గుర్ని అడగండి, ముగ్గురూ ఒక్క గొంతుతో అంటారు: "ఇంకెవరు, మేమే!"

పెద్దవాడు సన్యాసినాయుడు. వాడి తమ్ముడు గౌరీశు. ఇద్దరికీ చెల్లెలు నూకరత్నం.

"లోకంలో సగం కష్టాలు ఎందుకొస్తున్నాయో తెలుసా?" అని సన్యాసి మీసం దువ్వుకుంటూ మొదలెట్టేవాడు. "చెప్పేదొకటి, చేసేదొకటి. అందుకూ. మా ఇంట్లో అలా కాదు. చెప్పింది చెప్పినట్టే. పిసరు ఎక్కువుండదు, పిసరు తగ్గదు."

అది మాత్రం నిజం. పోయిన వేసవిలో ఎవరో పెళ్ళికి ఇంటిల్లిపాదీ రావాలని పిలిచారు. అంతే, ముగ్గురూ మేకనీ, రెండు కోడిపెట్టల్నీ వెంటబెట్టుకుని కళ్యాణ మండపానికి వెళ్ళారు. పెళ్ళివారు నోళ్ళు తెరిచి చూస్తుంటే నూకరత్నం చేతులు జోడించి, "పిల్లి రానని మొండికేసింది. ఏమీ అనుకోకండి" అంది. మేక పూలదండ తినేసిందనుకోండి, అది వేరే సంగతి.

తల్లీ తండ్రీ లేని ఈ ముగ్గుర్నీ పెంచింది మేనత్త పోలమ్మ. ఆవిడకో తోపుడు బండి ఉంది. తెల్లారేసరికి ఇడ్లీలు, సాంబారు దాని మీద పెట్టుకుని బస్టాండుకి వెళ్ళేది. మొదటి బస్సు వచ్చేలోపు వెళితే బేరం, ఆ తర్వాత వెళితే ఈగలు. ఆ బండి నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

అయితే గానుగ వీధి దాటాలంటే మొదట్లో మురిక్కాలువ అడ్డం. దాని మీద ఒకప్పుడు పెద్ద నాపరాయి పలక ఉండేది. ఇటుకల ట్రాక్టరొకటి ఎక్కి అది సగానికి విరిగిపోయింది. మిగిలిన సగం మీద ఒక చక్రం ఉంచి, రెండో చక్రాన్ని మనుషులు గాల్లో ఎత్తి పట్టుకుంటే బండి ఎలాగో దాటేది. పోయిన వారం అలా దాటుతూనే బోల్తా కొట్టింది. గిన్నెడు సాంబారు కాలువ పాలయింది.

పోలమ్మ మునిసిపాలిటీ చుట్టూ తిరగని రోజు లేదు. అడిగినప్పుడల్లా "చూస్తాం" అన్నారు. వాళ్ళూ మాట తప్పేవాళ్ళు కాదు లెండి. వచ్చారు, చూశారు, వెళ్ళిపోయారు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో 'వీధి గొంతు' అని కుర్రవాళ్ళకి ఒక సినిమా శిబిరం పెట్టారు. ఫైటింగులూ పాటలూ ఉండే సినిమాలు కాదు. మన వీధి కష్టాన్ని మనమే కెమెరాతో తీసి, అధికారులకి చూపించి, పని చేయించుకునే చిన్న సినిమాలు. నేర్పేది హిమజ మేడం. శుక్రవారం టౌన్‌హాల్లో సినిమాలు వేస్తారట, మునిసిపల్ కమిషనరు గారొచ్చి చూస్తారట, కష్టం కళ్ళకి కట్టినట్టు కనిపిస్తే పని అక్కడికక్కడే మంజూరట.

పోలమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. "ఒరే, ఇంకొక్కసారి బండి పడితే ఇరుసు విరిగిపోతాది. ఇరుసు విరిగితే మన పని అయిపోయినట్టే. ఆ మేడం ఏటి చెప్తే అది చెయ్యండి. మీ సొంత తెలివి వాడకండి, మీకు పున్నెముంటాది."

"మా సొంత తెలివి ఎప్పుడైనా వాడామా అత్తా!" అన్నాడు గౌరీశు గర్వంగా.

హిమజ మేడం వాళ్ళ చేతికి ఒక కెమెరా, స్టాండు, మైకు ఇచ్చి బాగా నచ్చజెప్పింది. "స్టాండు మీద పెట్టాక కెమెరా కదలకూడదు. మీరు మాట్లాడకూడదు, జనమే మాట్లాడాలి. ఒక్కరి మాటే కాదు, అవతలివాళ్ళ మాట కూడా వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏం జరిగిందో ఊరికే చెప్పడం కాదు, చూపించాలి."

ఇంకేముంది! ఇంటికి రాగానే నూకరత్నం నడి గదిలో స్టాండు పాతినంత పని చేసి, కెమెరా బిగించి, మీట నొక్కేసింది. ఎర్ర దీపం వెలిగింది.

"అబ్బ, పెట్టేశాను. ఇంక కదలకూడదు" అంది.

"భేష్" అన్నాడు సన్యాసి. అప్పుడు గుర్తొచ్చింది వాడికి. "అవునుగానీ, కాలువ వీధి మొదట్లో కదా ఉంది?"

"ఉంటే?"

"కెమెరా వెళ్ళకూడదు. మరి కాలువ రావాలి."

"కాలువంతా ఎందుకు అన్నియ్యా! అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడమూ?" అంది నూకరత్నం.

ఆ తెలివికి సన్యాసి కళ్ళు చెమర్చాయి. అంతే, గౌరీశు పరిగెత్తుకెళ్ళి బకెట్టెడు మురుగు తెచ్చి కెమెరా ముందు పీట మీద పెట్టాడు. ఇల్లంతా గుప్పుమంది. కష్టం పోలమ్మత్తది కాబట్టి అవతలివాళ్ళంటే కాలువే కదా! అందుకని బకెట్టు మూతి దగ్గర మైకు పెట్టి ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. తాము మాట్లాడకూడదు కాబట్టి ఏమీ అడగలేదు. బకెట్టూ ఏమీ అనలేదు. ఒక బుడగ పైకొచ్చి పగిలింది.

"తప్పు ఒప్పుకుంది" అని గౌరీశు గుసగుసలాడాడు. "ఇంకేం చెప్పుకుంటుంది పాపం."

తర్వాత రాయి. ఆ పలక బకెట్టులో పట్టేది కాదు. గడ్డపారతో పెకిలించి, అడుగున దుంగలు వేసి దొర్లించుకుంటూ, చెమటలు కక్కుతూ నడి గదిలోకి తెచ్చి కెమెరా ముందు నిలబెట్టారు. సగమే మిగిలిన ఆ రాయి కూడా ఇప్పుడు వీధిలో లేదు. కాలువ నోరు తెరుచుకుని నిండుగా కనిపిస్తోంది.

"ఎంత బాగా కనిపిస్తోందో!" అన్నాడు సన్యాసి రాయిని చూసి. "ఇక్కడైతే ఎండ కూడా పడదు."

ఇక మిగిలింది బండి బోల్తా పడటం. ఊరికే చెప్పకూడదు, చూపించాలి. మర్నాడు పొద్దున్నే పోలమ్మ బండి మీద ఇడ్లీ పాత్ర, సాంబారు గిన్నె సర్దుకుని, చీర మార్చుకుందామని పెరటి గదిలోకి వెళ్ళింది. అంతే! ముగ్గురూ బండిని ఇంట్లోకి తోశారు.

"గిన్నెలు దించేద్దామా?" అన్నాడు గౌరీశు.

"ఆ రోజు దించారా?" అంది నూకరత్నం.

"లేదు."

"మరి అబద్ధం ఎలా చూపిస్తాం?"

సన్యాసి "ఒకటి, రెండు" అన్నాడు. దభేల్! సాంబారు గోడలెక్కింది. ఇడ్లీలు మంచం కిందికి దొర్లాయి. ఇరుసు టప్పున విరిగింది.

పోలమ్మ పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఎదురుగా రాయి, పక్కన మురుగు బకెట్టు, మధ్యలో కాళ్ళు పైకెత్తుకుని తన బండి.

"ఏటిరా ఇది?"

ముగ్గురూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. నూకరత్నం మెల్లగా మైకు తీసుకెళ్ళి అత్త నోటి దగ్గర పెట్టింది.

ఇంకేముంది, పోలమ్మ అందుకుంది. "ఒరే మూగ మొకాల్లారా! ఏడాదిగా ఆ సగం రాయి మీద పేణాలు అరచేత పట్టుకుని బండి తోసుకుంటన్నాను. ఆఫీసుకెళితే కుర్చీలో ఉన్నోడు చూస్తామంటాడు. ఎన్నాళ్ళు చూస్తారు, నేను చచ్చేదాకా చూస్తారా? రాయి ఎయ్యడం చేతకానోళ్ళు ఆళ్ళు, ఉన్న రాయి ఉంచడం చేతకానోళ్ళు మీరు! మీకు మూడు పూటలా ముద్ద పెట్టింది ఈ బండిరా! దీన్ని చంపేశారు కదరా!" అని కూలబడి ఏడ్చింది.

అత్త ఏడుపు చూసి సన్యాసికి గుండె తరుక్కుపోయింది. కట్టుబాటు తప్పి రెండు మాటలు అననే అన్నాడు. "బండి పోయిందని బెంగపడకత్తా. ఎలాగూ దాటడానికి రాయి కూడా లేదు."

పోలమ్మ గరిటె అందుకుంది. ఆ తర్వాతది చెప్పను.

శుక్రవారం వచ్చింది. టౌన్‌హాలు నిండిపోయింది. గానుగ వీధి పేరు పిలవగానే ముగ్గురూ వట్టి చేతులతో వేదికెక్కారు.

"మీ సినిమా ఏదీ?" అంది హిమజ మేడం.

"ఇంట్లో కెమెరాలో ఉంది."

"కెమెరా ఏదీ?"

"అదేంటి మేడం! కదలకూడదని మీరేగా చెప్పారు?" అన్నాడు గౌరీశు. మేడం మతిమరుపుకి వాడికి జాలేసింది. "మీరందరూ వస్తే చూడొచ్చు."

హాలంతా ఘొల్లుమంది. హిమజ మేడం తల పట్టుకుంది. కమిషనరు గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వి, పత్రికలవాళ్ళు చూస్తున్నారని గుర్తొచ్చి లేచి నిలబడ్డారు. "జనం మన దగ్గరికి రాకపోతే మనమే జనం దగ్గరికి వెళ్ళాలి. పదండి!" అన్నారు. చప్పట్లు మోగాయి.

నూకరత్నం ఒక్క పరుగున ముందు వెళ్ళిపోయింది. పెద్దమనుషులొస్తే కాలికి మట్టంటకుండా చాప పరవాలని అత్త చిన్నప్పుడు నేర్పింది. వీధిలో మట్టి ఎక్కువగా ఎక్కడుంది? మొదట్లోనే, కాలువ దగ్గర. కొత్త చాప తెచ్చి, కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ముడత లేకుండా పరిచింది.

కమిషనరు గారు అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చారు. చాప చూసి మురిసిపోయారు. "ఆహా, ఎంత మర్యాద!" అని కాలు మోపారు.

అంతే. కమిషనరు గారు లేరు.

నడుం లోతు మురుగులో తేలారు. ఆయన మనుషులు గట్టు మీద నిలబడి "అయ్యో" అంటూ చూస్తున్నారు. చూడటం వాళ్ళకి బాగా అలవాటే. పోలమ్మే కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులూ పట్టి ఆయన్ని బయటికి లాగింది. ఇంటికి తీసుకెళ్ళి వేడినీళ్ళు పోసి, సన్యాసి పంచె ఇచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది.

నూకరత్నం ఆయన కాళ్ళకేసి పరీక్షగా చూసి, "మట్టి అంటలేదు" అంది.

ఆయన ఎదురుగా నాపరాయి నిలబడి ఉంది. పక్కన ఇరుసు విరిగిన బండి. హిమజ మేడం కెమెరాని స్టాండు మీదనుంచి కదపకుండానే సినిమా వేసి చూపించింది. బకెట్టు వచ్చింది, బుడగ పగిలింది, రాయి వచ్చింది, బండి పడింది. గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత పోలమ్మ తిట్లు వచ్చాయి. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. "నేను చచ్చేదాకా చూస్తారా?" అన్నచోట కమిషనరు గారు తల దించుకున్నారు.

పోలమ్మ ఆయన చేతికి వేడి ఇడ్లీ పళ్ళెం ఇచ్చింది. "బాబూ, నువ్వు ఒక్కనాడే పడ్డావు. నా బండికి ఇది రోజూ ఉన్నదే" అంది.

మంజూరు అక్కడే అయింది. బండి కొత్త ఇరుసుకి హాల్లోవాళ్ళే తలా కాస్త వేసుకున్నారు. మర్నాడే సిమెంటు వచ్చింది, ఇనప చువ్వలు వచ్చాయి. కొద్దిరోజులకే కాలువ మీద ఏనుగు నడిచినా చెక్కుచెదరని పలక తయారైంది. పోలమ్మ బండి ఎవరి సాయమూ లేకుండా గడగడా దాటిపోయింది. ఆ చప్పుడు వినడానికే ఆవిడ తొలిరోజు రెండుసార్లు వెనక్కొచ్చి మళ్ళీ దాటింది.

హిమజ మేడం సంతోషం పట్టలేక ముగ్గుర్నీ పిలిచింది. "మీ కథ అన్ని ఊళ్ళలోనూ చూపిద్దాం. ఇంకో చిన్న సినిమా తియ్యండి. ఈసారి కెమెరా కాలువ దగ్గరికే తీసుకెళ్ళి, అక్కడ స్టాండు మీద పెట్టండి. ముందు ఎలా ఉండేదో చూపించాలి, తర్వాత ఎలా ఉందో చూపించాలి. వరస తప్పకూడదు సుమా! ముందుది ముందు, తర్వాతది తర్వాత."

"అయ్యో, అంతమాత్రం తెలీదా మేడం!" అన్నారు ముగ్గురూ.

కాలువ దగ్గర కెమెరా పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. ఎదురుగా కొత్త పలక మెరిసిపోతోంది.

"ఇది తర్వాతది" అన్నాడు గౌరీశు.

"ముందు తియ్యాల్సింది ముందుది కదా" అంది నూకరత్నం.

సన్యాసి ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఇంటికెళ్ళి గడ్డపార, సమ్మెటలు తెచ్చాడు. మనసుపెట్టి పనిచేశారు పాపం. పాత రాయి ఎంతవరకు విరిగిందో దారంతో కొలిచి, సరిగ్గా అంతవరకే పగలగొట్టారు. పిసరు ఎక్కువ లేదు, పిసరు తక్కువ లేదు.

బస్టాండులో ఇడ్లీలన్నీ అమ్ముడుపోయి, ఖాళీ బండి తోసుకుంటూ హుషారుగా వచ్చిన పోలమ్మ కాలువ అవతల గట్టున టక్కున ఆగిపోయింది. చెయ్యి గరిటె కోసం వెతుక్కుంది.

"అక్కడే ఉండత్తా, కదలకు, చాలా బాగా వస్తోంది!" అని గౌరీశు అరిచాడు. నూకరత్నం కాలువ మీద చాప పరుస్తోంది.

సన్యాసి మాత్రం అక్కడ లేడు. వాడు కమిషనరు గారి ఇంటి తలుపు తడుతున్నాడు.

"అయ్యా, అంతా సిద్ధం చేసేశాం. తమరొచ్చి ఒక్కసారి పడితే చాలు!"