మెల్లగా పాడిన సగం

భీమశంకరం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పనిముట్ల సంచీ భుజాన వేసుకునేవారు. వెంట రమ్మని దానర్థం. రేడియో కేంద్రంలో ఉద్యోగం అయిపోయాక కాకినాడలో ఇళ్లకు వెళ్లి స్టీరియోలు కుదర్చడం ఆయన పని. డాక్ ఒకచోట, ప్రీయాంప్ ఇంకొకచోట, పవర్ యాంప్ మరొకచోట కొన్నవాళ్లు, ఏ పెట్టెకా పెట్టె గొప్పదే అయినా మూడూ కలిస్తే పాట ఎందుకు పాడవుతోందో తెలియక ఆయనకు కబురు పెట్టేవారు.

ఆయన దగ్గర ఇందుమతి అనే అమ్మాయి పని నేర్చుకునేది. ఎవరూ పంపలేదు. డిగ్రీ చేతికొచ్చిన వారానికి తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మీరు నేర్పుతానంటే రేపటి నుంచి వస్తాను, నేర్పనన్నా వస్తాను" అంది. అంకెలు కంటబడితే చాలు, కాగితం అక్కర్లేకుండా లెక్క తేల్చేసేది. ఒక ఉదయం కాఫీ తాగుతూ ఆమె అడిగింది.

"డాక్ కంప్యూటర్లో అంకెల్ని కరెంటుగా మారుస్తుంది. ప్రీయాంప్ దాన్ని పెంచి మన చేతికి ఒక మీట ఇస్తుంది. పవర్ యాంప్ స్పీకర్‌ని కదిలించే బలం ఇస్తుంది. అంతే కదా మాస్టారూ? వినబడనిదాన్ని వినబడేలా చెయ్యడమే మన పని. ఎక్కడ తక్కువైతే అక్కడ పెంచితే సరి. దీనికి మీరు ఇంతింతసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం ఎందుకు?"

ఆయన గ్లాసు కింద పెట్టి సంచీ అందుకున్నారు.

వాళ్లు వెళ్లింది రామారావుపేటలో దంతులూరి అప్పలరాజు గారింటికి. ఓడరేవులో సరుకు ఎగుమతుల వ్యాపారం చేసి మానుకున్న మనిషి. కిందటి వేసవిలో ఆయన భార్య సుభద్రమ్మ పోయారు. అప్పటి నుంచి ఆయన ఒక పెట్టె తరవాత ఒకటి తెప్పించుకుంటూనే ఉన్నారని, ఏదీ నచ్చడం లేదని ఊళ్లో ఈ సరంజామా అమ్మేవాళ్లంతా చెప్పుకునేవారు.

"రండి శంకరం గారూ. ఈ అమ్మాయి మీ దగ్గర నేర్చుకుంటోందా, మీకు నేర్పుతోందా? గుమ్మం దాటకముందే తీగలు చూసేస్తోంది."

"లెక్కలు ఆవిడవి రాజుగారూ. సంచీ మోత నాది."

రాజుగారు నవ్వబోయి ఆగిపోయారు. హాలు పెద్దది. ఒక చివర గోడకు ఆనించి ఆయన వాలుకుర్చీ. రెండో చివర కిటికీ పక్కన ఒక ముక్కాలిపీట, దాన్ని ఆనుకుని కుడి స్పీకర్. ఆ పీట మీద ఎవరూ కూర్చోరని దాని మీద దుమ్ము లేకపోయినా తెలుస్తూనే ఉంది.

"మా ఆవిడ అక్కడే కూర్చునేది. కూరలు తరుక్కున్నా, పాడుకున్నా అక్కడే" అన్నారు రాజుగారు. "చెల్లెలికి మనవరాలు పుట్టిందని తనే ఒక జోలపాట కట్టి, ఫోన్లో రికార్డు చేసి పంపింది. ఆవిడ గొంతు నాకు మిగిలింది అదొక్కటే. సగం బాగానే ఉంటుంది. తరవాత గొంతు దిగిపోతుంది. ఎంత పెంచినా అందదు. పెంచితే హోరు, తగ్గిస్తే ఏమీ లేదు. చివరిదాకా వినలేకపోతున్నాను. ఇంకెంత పెద్ద యాంప్ కావాలో చెప్పండి, తెప్పిస్తాను."

"ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వింటే తెలిసిపోతుంది కదండీ?" అంది ఇందుమతి.

"నా చెవుల్లో కాదమ్మా, ఈ హాల్లో ఉండాలి ఆవిడ."

భీమశంకరం గారు వాలుకుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "మీరు రోజూ ఎలా వింటారో అలాగే వినిపించండి" అన్నారు.

రాజుగారు పాట పెట్టి, ప్రీయాంప్ మీట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. పాట కంటే ముందు ఉస్సుమని సొద వచ్చింది. దాని వెనక ఒక ఆడమనిషి గొంతు, గది మధ్యలో కాకుండా ఎడమ పక్కకు ఒరిగిపోయి, కీచుగా. కాసేపటికి ఆ గొంతు తగ్గబోయింది. తగ్గబోతుందని ఆయనకు ముందే తెలుసు. ఆ క్షణానికి కాచుకుని ఉన్న వేళ్లు మీటను తిప్పాయి. కొంచెమే తిప్పినా స్పీకర్లు గరగరలాడి హోరెత్తాయి. ఆ తరవాత అంతా హోరే.

"చూశారా! రోజూ ఇదే" అన్నారాయన, ఓడిపోయినట్టు.

ఇందుమతి అప్పటికే పెట్టెల వెనక చేరి మీటరు పెట్టి చూస్తోంది. "మాస్టారూ, డాక్ ఒక్కటే నాలుగు వోల్టులు ఇస్తోంది. ప్రీయాంప్ దాన్ని అయిదింతలు చేస్తోంది, అంటే ఇరవై. పవర్ యాంప్ పూర్తి గొంతుతో అరవడానికి ఒకటిన్నర చాలు! అందుకే మీట మొదట్లోనే ఇరుక్కుపోయింది. ఆ కొసలో కుడీ ఎడమా సమంగా పలకవు, గొంతు ఒరిగింది అందుకే. ఆ సొద ప్రీయాంప్‌లో పుట్టేది, మీటకు లొంగదు. రాజుగారూ, మీకు తక్కువైంది ఏమీ లేదండీ. అంతా ఎక్కువే."

"మూడూ వాటిలో వాటికి పైరకమే కదమ్మా?"

"అందుకేనండీ. ముగ్గురూ పెంచేవాళ్లే, తగ్గేవాళ్లు ఒక్కరూ లేరు."

భీమశంకరం గారు తల ఊపారు. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె చేతనే ప్రీయాంప్ విప్పించి పక్కన పెట్టించారు. సంచీలోంచి ఒక చిన్న డబ్బా తీసి ఆ స్థానంలో తగిలించారు. దానికి కరెంటు అక్కర్లేదు, ఏదీ పెంచడం దానికి రాదు. ఉన్నదాన్ని తగుమాత్రం తగ్గించి పంపే మీట ఒకటే దానికున్నది.

"ఈసారి మీట ముట్టుకోకండి రాజుగారూ. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకోండి."

పాట మొదలైంది. సొద లేదు. రెండు స్పీకర్ల మధ్య నుంచి, ఆ పీట దగ్గరే కూర్చున్నట్టు, సుభద్రమ్మ గొంతు వచ్చింది. కీచుగా లేదు. లోతుగా, కొంచెం ఆయాసంతో, వయసు తెలుస్తూ ఉంది. చేతిగాజులు కదిలాయి. వంటింట్లో కుక్కరు కూసింది. దానికి ఆవిడ నవ్వుకుని, పాట తెగనీయకుండానే అందుకుంది. రాజుగారి పెదవులు ఆమెతో పాటు కదులుతున్నాయి. ఇందుమతి మాస్టారి వైపు గర్వంగా చూసింది.

గొంతు తగ్గే చోటు వచ్చింది. రాజుగారి వేళ్లు ఒళ్లోనే అలవాటుగా మెలికపడ్డాయి. అక్కడ తిప్పడానికి మీట లేదు.

పక్కగదిలోంచి, తలుపవతల నుంచి, ఒక మగగొంతు వినిపించింది.

"సుభద్రా, కొంచెం మెల్లగా. ఫోన్లో ఉన్నాను."

పాట ఆగింది. ఒక ఊపిరి పీల్చుకున్నంతసేపు గాజులు కూడా కదల్లేదు. తరవాత ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది, తనకు మాత్రమే వినిపించేంత మెల్లగా. ఒక్క చరణం కూడా వదలకుండా చివరిదాకా అలాగే పాడింది.

పాట అయిపోయింది.

"అది నేనే" అన్నారు రాజుగారు. అది ఎవరికీ చెప్పనవసరం లేదు. "ఎవరితో మాట్లాడుతున్నానో గుర్తు రావడం లేదు శంకరం గారూ. ఎంత ఆలోచించినా. ఎవరో సరుకు వాడు అయ్యుంటాడు."

భీమశంకరం గారు పనిముట్లు సంచీలో వేసుకోసాగారు.

"రికార్డింగు పాడైందనుకున్నాను. ఫోను మంచిది కాదనుకున్నాను." రాజుగారు లేచి నిలబడ్డారు. "ఆ పెట్టె మళ్లీ తగిలించండి."

ఇందుమతికి అర్థం కాలేదు. "అదేంటండీ! ఇప్పుడే కదా కుదిరింది. సొద పోయింది, గొంతు మధ్యకొచ్చింది, చివరిదాకా ఒక్క మాట పోకుండా..."

"తగిలించమన్నానమ్మా! నాకు హోరే కావాలి. రోజూ హోరుతోనే విన్నాను, అలాగే వింటాను."

ఆమె వెనక్కి తగ్గింది. భీమశంకరం గారు ప్రీయాంప్‌ను తీసుకొచ్చి రాజుగారికి అందేలా బల్ల మీద పెట్టారు. దాని తీగలు చుట్టి పైన ఉంచారు. చిన్న డబ్బాను మాత్రం విప్పలేదు.

"ఏ తీగ ఎక్కడ పెట్టాలో మీకు తెలుసు. నేను పెట్టలేను రాజుగారూ, ఏమీ అనుకోకండి. మీకు పెట్టాలనిపిస్తే పెట్టుకోండి. నా డబ్బా తరవాత పంపించవచ్చు."

రాజుగారు ఆయన వైపు చూడలేదు. ఇద్దరూ మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. ఇందుమతి ముఖం చిన్నబోయింది.

"నా లెక్క తప్పా మాస్టారూ?"

"లేదు."

"మరి మనం ఆయనకు మేలు చేశామా, కీడు చేశామా?"

ఆయన స్కూటరు తాళం కోసం జేబులో వెతుక్కుంటూ, "మీటరు ఏదీ?" అన్నారు.

మీటరు పైనే మరిచిపోయింది. పరుగున మెట్లెక్కి, దగ్గరకు వేసి ఉన్న తలుపు కొంచెం తోసి, అక్కడే ఆగిపోయింది. బల్ల మీద ప్రీయాంప్ అలాగే ఉంది, చుట్టిన తీగలు చుట్టినట్టే ఉన్నాయి. వాలుకుర్చీ ఖాళీగా ఉంది. రాజుగారు కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, స్పీకర్‌కు చెంప ఆనేంతగా వంగి ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, పాట నడుస్తోంది. అది గుమ్మం దాకా రావడం లేదు. గాజుల చప్పుడు మాత్రం ఒకసారి వచ్చినట్టనిపించింది.

ఆమె మీటరు తీసుకోకుండానే కిందికి వచ్చేసింది.

"మాస్టారూ, మనం పెట్టిన దానికంటే ఇంకా తగ్గించేశారాయన. అలాగైతే రెండో సగం ఏం వినబడుతుంది? వెళ్లి కాస్త పెంచి రానా?"

"ఎక్కడ కూర్చున్నారు?"

"ఆవిడ పీట మీద. స్పీకర్ పక్కనే."

భీమశంకరం గారు సంచీ ఆమె చేతికిచ్చి స్కూటరు స్టాండు తీశారు.

"ఉండనీ అమ్మా" అన్నారు. "ఇప్పుడు దగ్గరికెళ్లి వింటున్నారు."