సమ్మతేశ్వరుని ఊగుబండ

పూర్వం పినాకినీ నదికి ఉత్తరాన, నల్లరాతి గుట్టలు తప్ప నీడనిచ్చే చెట్లు సైతం అరుదైన సీమలో, కదిరప్ప అనే వడ్రంగి నివసించేవాడు. ఆయన పరమ శివభక్తుడు. నాగళ్ళు, బండిచక్రాలు చెక్కడం ఆయన వృత్తి కాగా, తగవులు తీర్చడం చుట్టుపక్కల పల్లెలవారు ఆయనకు అంటగట్టిన పని. ఆ పనికి ఆయన గవ్వంత ప్రతిఫలం కూడా పుచ్చుకునేవాడు కాదు. తగవు ఉన్నవారి ఇంట మజ్జిగ సైతం ముట్టక, తన సంగటిముద్ద తానే మూటగట్టుకుని వెళ్ళేవాడు. ఇంతటి నియమపరునికి కూడా ఒక లోపం ఉండేది. తన మనసు నిర్మలమని తనకు తెలుసు గనుక, దానిని ఎదుటివారికి విప్పి చూపవలసిన పని లేదని ఆయన నమ్మకం.

ఆ కాలంలో ఒక గుట్ట పాదాన ఎన్నడూ ఎండని ఊటచెలమ ఒకటి ఉండేది. దానికి ఆనుకుని ఈరన్న అనే రైతు కొర్రచేను, చేనుకు ఆవల బీరప్ప అనే గొర్రెలకాపరి దొడ్డి. ఒక ఏడు ఆరుద్ర కార్తెలో వానలు మురిపించి, కొర్ర మోకాలెత్తు లేచాక మబ్బు మాయమైంది. కుంటలన్నీ ఎండి ఆ చెలమ ఒక్కటే మిగిలింది. గొర్రెలు చేను నడుమనున్న బాటన నీటికి పోతూ, బాట దాటి పైరులో పడి మేసేవి. ఈరన్న కోపించి బాటకు అడ్డంగా ముళ్ళకంప వేశాడు. చుట్టుదారి రెండు క్రోసులు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్లో మూడు అంతదూరం నడవలేక దారిలోనే ప్రాణాలు విడిచాయి. మిగిలినవాటి బతుకు కూడా ఆ కంప మీదనే ఆధారపడి ఉంది. ఇరువైపులా కర్రలు లేచే వేళకు, ఎవరికో మంచిబుద్ధి పుట్టి కదిరప్పకు కబురు వెళ్ళింది.

సోమవారం ఉదయాన కదిరప్ప గుట్టెక్కి, ఇరుపక్షాలకూ నడుమగా పరచుకున్న ఒక చదును బండ మీద శివనామం తలచి కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, యుగాలుగా కదలని ఆ బండ మెల్లగా ఈరన్న వైపు ఒరిగింది. పెద్దమనిషి తన సంగటిమూటతో సహా జారి ఈరన్న కాళ్ళ దగ్గర పడ్డాడు. లేచి, దుమ్ము దులుపుకుని, మరొక మూలన కూర్చున్నాడు. మళ్ళీ అదే తంతు. బీరప్ప వెంట వచ్చిన కాపరులు నవ్వు ఆపుకోలేకపోయారు. బీరప్ప భార్య కెంచమ్మ మాత్రం నవ్వలేదు.

“కదిరప్ప మామా, బండ నిన్ను ఊరికే ఆ పక్కకు తోయడంలేదు. నీకూ ఈరన్నకూ మాకు తెలియని మాట ఏమన్నా ఉండాదా?” అని అడిగింది.

కదిరప్ప ముఖం చిన్నబోయింది. లేచి నిలబడి, ఈ తగవు రాకముందే ఈరన్న గట్టు మీది తుమ్మమాను బండిచక్రాలకని తనకు ఇస్తానన్న మాట నిజమేనని ఒప్పుకున్నాడు. తనకు చలిజ్వరం వచ్చిన ఏడు బీరప్ప కంబళి ఇచ్చిన సంగతి కూడా దాచక చెప్పాడు. “ఇవి నేను కూర్చోకముందే చెప్పాల్సిన మాటలు. ఆ మాను నాకిక వద్దు. ఇవన్నీ విన్నాక నేను పనికిరానంటే దిగిపోతా, ఇంకొకరిని పిలుచుకోండి,” అన్నాడు.

కెంచమ్మ, బీరప్ప పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చి కూర్చోమన్నారు. ఈరన్న కూడా కూర్చోమన్నాడు. ఈసారి ఆ బండ భూమిలో పాతుకున్నట్టు నిలిచింది. పరమేశ్వరుడే దాని అడుగున చేరి తూకం పట్టి చూస్తున్నాడని గ్రహించి, అందరూ చేతులు జోడించారు.

తర్వాత కదిరప్ప ఇరువురినీ విడివిడిగా పిలిచి, మధ్యలో అడ్డుపడక విన్నాడు. ఈరన్న గుట్ట వెనుక చెప్పినది విచిత్రమైన సంగతి. బాటకు ఇరుపక్కలా రాతిగోడ ఉంటే గొర్రెలు పోవడానికి అతనికి అభ్యంతరమే లేదు. కాని నిరుడు మిద్దె మీదినుంచి పడి నడుము దెబ్బతిన్నందున రాయెత్తే శక్తి లేదు. సంగతి బయటపడితే చేనును కోరుకు, అంటే పంటలో వాటాకు, వేరొకరికి ఇచ్చేయమని బంధువులు పోరుతారని భయం. తన నోట తప్ప ఎవరి నోటా ఈ మాట రాకూడదని వేడుకున్నాడు. కదిరప్ప సరేనన్నాడు.

తిరిగి వచ్చి కూర్చునేసరికి కెంచమ్మ ఒడిలో ఒక గొర్రెపిల్ల నాలుక వేలాడేసి రొప్పుతున్నది. ఈరన్నది ఒట్టి మొండితనమని కాపరులు తిట్టిపోస్తున్నారు. ఒక్క మాట చెబితే తగవు అక్కడే తేలిపోయేది. ఆ మాట కదిరప్ప నాలుక చివరిదాకా వచ్చింది. బండ వేలెడంత కదిలింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఇక విసుగెత్తి, నీవే ఏదో ఒకటి తేల్చి చెప్పు, కట్టుబడతామని అందరూ అన్నారు. తీర్పు చెప్పబోయాడు. బండ మళ్ళీ కదిలింది. శివుడు తనను కూర్చోబెట్టింది తీర్పు చెప్పడానికి కాదని అప్పుడు ఆయనకు బోధపడింది.

ఆయన దిగివచ్చి ఈరన్నను పక్కకు తీసుకుని, “నేను చెప్పను. చెప్పుకుంటావో లేదో నీ ఇష్టం. వద్దంటే ఇంకో దారి వెతుకుదాం, నేనెక్కడికీ పోవడంలేదు,” అన్నాడు.

ఈరన్న ఆ గొర్రెపిల్ల వైపు చాలాసేపు చూశాడు. అందరి ముందుకూ వచ్చి తలవంచుకుని, “బీరప్పా, గోడ కడితే నీ గొర్రెలు పోవచ్చు. కట్టే నడుము నాకు లేదు,” అన్నాడు.

కెంచమ్మ అందుకుంది. “ఈ మాట మొన్ననే అంటే నోరు అరిగిపోయేదా అన్నా? గొర్రెలు కాసేవాళ్ళకు రాళ్ళు మోసే చేతులు లేవనుకున్నావా?”

ఈరన్నకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ మధ్యాహ్నమే తన చేతులతో కంప తీశాడు. గొర్రెలు కాపరుల కర్రల నడుమ బాట తప్పక చెలమ చేరాయి. మూడు రోజుల్లో కాపరులు బాటకు రెండువైపులా గోడ లేపారు. కోతలయ్యాక పది రాత్రులు మంద చేనులోనే కట్టాలని, ఆ ఎరువుకు బదులుగా ఏటా బాట విడవాలని వారిలో వారే మాట్లాడుకున్నారు. కదిరప్ప చేసినదల్లా, ఒప్పుకున్నది ఎవరి మాటల్లో వారిచేత తిరిగి చెప్పించి, ఇరువైపులా “సమ్మతమేనా?” అని అడగడమే. మరుసటి ఏడు ఈరన్న చేనులో కొర్రవెన్నులు బరువుకు నేల ముట్టాయని, చేనును కోరుకు ఇమ్మనే ధైర్యం ఏ బంధువుకూ లేకపోయిందని చెబుతారు.

అందుచేతనే ఆ బండ మీద వెలసిన శివునికి సమ్మతేశ్వరుడని పేరు. గొర్రెల సందుగా పిలిచే ఆ జంటగోడల బాట నేటికీ ఉన్నది. ఇక్కడ తగవు తీర్చవచ్చినవారు తమకు ఎవరెవరితో ఏయే పొత్తులున్నాయో నిలబడి చెప్పి, ఇరుపక్షాలూ కూర్చోమన్నాకనే బండ ఎక్కుతారు. కోతల తర్వాత జరిగే తిరునాళ్ళలో రైతులు కొర్రన్నం వండి కాపరులకు వడ్డిస్తారు. తగవు ముగించుకోవచ్చినవారిని పూజారి ఇరువైపులా సమ్మతమేనా అని అడిగి, ఇద్దరూ ఔనన్న తర్వాతనే తీర్థమిస్తాడు. ఒకవైపువారు మౌనంగా ఉంటే ఆయన తొందరపెట్టడు, కోప్పడడు. తీర్థపాత్ర పక్కన పెట్టి, తానూ వారితోపాటు నేలమీద కూర్చుంటాడు.