మూల తిరిగే చోట

హైమా, ఈ కథ ఎవరైనా చెప్పగా విన్నానో, ఎక్కడైనా చదివానో ఇప్పుడు గుర్తులేదు. ముందుది వెనకా, వెనకది ముందూ చెప్తానేమో. శాలువా సంగతి మాత్రం మరిచిపోలేదు.

ఒక కొండమీద సూఫీల ఆశ్రమం ఉండేది. అక్కడి ఆడవాళ్ళు చలిలో వచ్చే బాటసారుల కోసం ఊలు శాలువాలు అల్లేవారు. వాళ్ళ గురువు జులేఖా బీబీ. కాలం చేసిన తన గురువు కూర్చున్న పీటను ఆమె ఖాళీగానే ఉంచింది. ఏటా చలికాలం మొదట్లో, కొత్త శాలువాల్లో ఒకటి తీసి దానిమీద పరిచేది.

ఆ ఏడు రుకియా అల్లిన శాలువా పరిచింది. రుకియా భర్త పోయి, దిక్కులేక వచ్చి చేరిన మనిషి.

పెద్ద శిష్యురాలు నఫీసా దాన్ని చూసి భగ్గుమంది.

"అమ్మా, ఇది దొంగతనం! ఈ మామిడిపిందెల అంచు నాది. తిండి మానేసి కూర్చుని నేను కట్టిన నమూనా. నంగనాచిలా పక్కన కూర్చుని ఎత్తుకుపోయింది."

"అక్క చేయి చూసే కదమ్మా అల్లడం నేర్చుకున్నాను" అంది రుకియా.

"నేర్చుకోవడం వేరు, నా కష్టం మింగెయ్యడం వేరు!"

ఆ కోపం అన్యాయమని నేననను. నా ముగ్గును తోడికోడలు తనదని చెప్పుకుంటే నేనూ ఊరుకోలేదు.

"పిందెల అంచు ఎవరికైనా తట్టొచ్చు" అంది బీబీ.

"ఇది కూడానా?" నఫీసా శాలువా మూల పట్టి లాగింది. "అంచు మూల తిప్పేటప్పుడు నా చేతిలో ఒక కుట్టు జారుతుంది. ఎంత దిద్దుకున్నా పోదు. అది నా చేతి తప్పు, ఇంకెవరికీ రాదు. ఇదిగో చిల్లు! తప్పుతో సహా దొంగిలించింది, తెలివితక్కువది. దీన్ని ఇవాళే పంపించెయ్యండి. ఇది ఉంటే నేనుండను."

రుకియా లేచి బట్టలు మూట కట్టుకోసాగింది.

బీబీ తన భుజం మీది శాలువా తీసింది. రంగు వెలిసిన పాత శాలువా, ఆమె గురువు అల్లి ఇచ్చినది. దాని మూల తెచ్చి నఫీసా చేతిలో పెట్టింది.

అంచు తిరిగే చోట చిన్న చిల్లు. నఫీసా చిటికెన వేలు అందులోంచి బయటికి వచ్చింది.

"మా గురువుగారికి కుడికన్ను కనిపించేది కాదు" అంది బీబీ. "నేను ఆమె చేయి చూసి నేర్చుకున్నాను."

నఫీసా వెళ్ళి, రుకియా చేతిలోని మూట లాక్కుని మూలకు విసిరేసింది.

సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అల్లుతున్నారు.

"అక్కా, మూల వచ్చింది. ఈసారి జారకుండా పట్టుకోనా?"

నఫీసా మొహం ఇంకా ముడుచుకునే ఉంది. తలెత్తకుండానే అంది.

"వదిలెయ్."

హైమా, నీ చిన్నప్పుడు ఈ అత్తే కదే నీకీ కథ చెప్పింది. పేర్లు ఒకసారి సరిచూడు. నఫీసా ఉండాల్సిన చోట రుకియా పడిందేమో.